తడవని చిట్టా

భాద్రపద శుద్ధ షష్ఠి

పొద్దున్నే నీళ్ళలోకి దిగి పడవ అడుగంతా తడిమి చూశాను. వెనకవైపు, అడుగు దూలం పక్కన, అరచెయ్యంత మేర మెత్తబడింది. బొటనవేలితో నొక్కితే గోరు మునిగింది. పోయిన ఏడు ఇదే చోట నొక్కితే గోరే నొప్పి పుట్టింది.

నాచుచెక్కతో వచ్చిన తంటా ఇది. గాటు పడితే తనంతట తనే మానుతుంది, వెలుతురు తిని బతుకుతుంది, మేకు అక్కర్లేదు. కానీ ఏడాదికి ఒక్కసారైనా పది రోజులపాటు నీటిచుక్క తగలకుండా ఎండాలి. లేకపోతే నీళ్ళు తాగి తాగి ఉడికిన చేమదుంపలా తయారవుతుంది. మా పడవ రెండేళ్ళుగా సరిగ్గా ఎండలేదు. ఆశ్వయుజ పౌర్ణమికి పడవల సంఘం ముద్రగుమాస్తా వచ్చి సూది గుచ్చి చూస్తాడు. సూది దిగితే ముద్ర పడదు. ముద్ర లేని పడవని తుపాను రోజుల్లో తాడుకి కట్టనివ్వరు. నలభై పడవలూ ఒకే తాడు పట్టుకుని దిబ్బ చాటున ఉంటే మేం బయట గాలికి ఎదురు నిలబడాలి. పోయిన ఏడు అలా బయట ఉన్న పడవలు రెండు. వాటిలో ఒకటే మళ్ళీ కనిపించింది.

మా ఆయనకి చెబితే, "మాణిక్యాన్ని అడుగుదాం" అన్నాడు. ఆ మాటే వస్తుందని నాకు తెలుసు. పులుసులో ఉప్పు తక్కువైనా మాణిక్యాన్నే అడగాలి ఈయనకి.

శుద్ధ అష్టమి

మాణిక్యం మా ఆయన చెల్లెలు. మొగుడు పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. రెండు కోళ్ళని పెట్టుకుని పడవలో ఒక్కతే ఉంటుంది. మునిగిన ఊళ్ళ మీద తిరుగుతూ, పాటు తీసి నీళ్ళు దిగినప్పుడు బయటపడే చోట్లు వెతుకుతుంది. సంఘం పలక మీద పడవలు ఎండబెట్టే ఎండుగట్ల పేర్లు రాసి ఉంటాయి. ఎవరు కనిపెడితే వాళ్ళ పేరే గట్టుకి. మాణిక్యం గట్టు ఒకటి, మాణిక్యం గట్టు రెండు, అలా ఏడు దాకా ఉన్నాయి. రైసుమిల్లు డాబా ఆమెదే, కాలేజీ మెట్లు ఆమెవే, వంతెన ఎక్కే సిమెంటు వాలు కూడా ఆమెదే. నా పేరు మీద ఒక్క మెట్టు లేదు. ఆ పలక పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే నేను అటు తల తిప్పను.

ఇవాళ మధ్యాహ్నం ఆమే మా పడవకి వచ్చింది.

"అన్నయ్య సెప్పేడు వదినా. నా రైసుమిల్లు గట్టు మీద ఇంకో పడవకి సోటుంది. పున్నానికి పోటు మీద ఇద్దరం ఎక్కేద్దాం, అమాసకి దిగుదాం. నడుమన పోటు అంతెత్తుకి రాదు గదా, పది రోజులూ శుభ్రంగా ఎండుద్ది."

"సూద్దాంలే," అన్నాను.

"సూడ్డానికేటుంది? రోజులు లేవు."

"నా పడవ సంగతి నాకు తెల్సులే మాణిక్యం."

ఆమె లేచింది. వెళ్ళేటప్పుడు మా ఆయన ఎండు రొయ్యల మూట తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. మంచి రొయ్యలు. నేను తుపాను రోజులకని దాచినవి.

ఆమె పడవ అడుగు అద్దంలా ఉంటుంది. పోయిన ఏడు గుమాస్తా అందరి ముందూ, "పల్లాలమ్మా, మీ ఆడపడుచు దగ్గర కాస్త నేర్చుకో" అన్నాడు. ఎందుకు ఉండదు అద్దంలా? ఒంటరి మనిషి, వండి వడ్డించాల్సిన వాళ్ళెవరూ లేరు, తిరగడానికి కావలసినంత తీరిక. నాకు అంత తీరిక ఉంటే ఏడు కాదు, పద్నాలుగు కనిపెట్టేదాన్ని.

నిజం రాసేస్తున్నాను. నాకు కుళ్ళు. ఈ చిట్టాలో ఇలా రాసుకోవడానికి నాకు భయం లేదు. ఒక గట్టు మీద పడవ ఎక్కించేవాళ్ళు ముందు ఆ గట్టు కనిపెట్టిన మనిషి చిట్టా అడిగి తీసుకుని చదవాలి, అది రూలు. నోటిమాట చెల్లదు. నోటిమాట నమ్మి పడవలు పోగొట్టుకున్నాకే ఆ రూలు వచ్చింది. అడిగితే పుస్తకం మొత్తం ఇవ్వాలి, పేజీ చిరిగితే ముద్ర ఉండదు. మాణిక్యం చిట్టా పడవ పడవా తిరిగి అంచులు పీచులా అయిపోయింది. నా చిట్టాని పన్నెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. గట్టే లేనిదాని చిట్టా ఎవరికి కావాలి? అందుకే ఇందులో మనసులో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

శుద్ధ ఏకాదశి

మూడు రోజులుగా చిన్న తెప్ప వేసుకుని తిరుగుతున్నాను. లోతుమిషను గజంన్నర అంటుంది, గెడ వేస్తే ఒండ్రు. మిషనుకి ఒండ్రుకీ సిమెంటుకీ తేడా తెలియదు. మాణిక్యం మిషను వాడదు. గెడ కిందికి పొడిచి, పై చివర చెవి ఆనించి, కింద ఉన్నది డాబానో బురదో రోడ్డో చెప్పేస్తుందట. నేనూ చెవి ఆనించి చూశాను. నాకు నా ఊపిరే వినిపించింది. చెవికి పేడు గుచ్చుకుంది.

తిరిగొచ్చేసరికి మా ఆయన అన్నం మూత పెట్టి కూచున్నాడు. చల్లారిపోయింది. "మాణిక్యంతో పాటు ఎక్కేస్తే పోయేదిగా" అన్నాడు. అన్నం సగంలో లేచిపోయాను.

శుద్ధ త్రయోదశి

దొరికింది.

పాటు బాగా తీసిన వేళ, ఎటు చూసినా నీళ్ళే ఉన్న చోట, ఇరవై నీటికాకులు వరసగా నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నీటికాకి నీళ్ళ మీద నిలబడదు కదా. తెప్ప అటు తోశాను. వాటి కాళ్ళ కింద డాబా ఉంది. పాత కళ్యాణమండపం. పిట్టగోడ మీద సిమెంటు నెమలి, తల లేదు. ఉత్తరం వైపు పిట్టగోడ కూలి పడవ పట్టేంత సందు ఉంది. నేల గట్టిగా ఉంది, నీళ్ళు నిలవడం లేదు, గెంతి చూశాను.

ఒక్కటే చిక్కు. పై అంతస్తు వేద్దామని వదిలేసిన చువ్వలు ఆరు చోట్ల మోకాలెత్తు లేచి ఉన్నాయి. నీళ్ళు ఊరి పొలిమేరకి వచ్చాక కూడా వీళ్ళు ఇంకో అంతస్తు మీద ఆశ పెట్టుకున్నారన్నమాట. నిండు పోటులో ఇక్కడ నడుం లోతు నీళ్ళుంటాయి, చువ్వలు కనిపించవు. పడవ వాటి మీదుగా హాయిగా వచ్చేస్తుంది. నీళ్ళు దిగి పడవ కూచునేటప్పుడు దిగుతాయి కడుపులోకి, ముద్దలో వేలు దిగినట్టు. అడుగులు లెక్కపెట్టి ఆరింటికీ కొలతలు తీసుకున్నాను. పక్క పేజీలో బొమ్మ గీశాను.

సంఘం పలక మీద ఇవాళ సాయంత్రం రాయించాను: పల్లాలమ్మ గట్టు. రాసినవాడు "ళ" రాయబోతుంటే ఆపి దిద్దించాను. కాసేపు అక్కడే నిలబడ్డాను, ఎవరైనా వచ్చి చదువుతారేమోనని.

పౌర్ణమి

నిండు పోటు మీద ఎక్కించాం. నేను ముందు నిలబడి చెబుతుంటే మా ఆయన గెడ వేశాడు. మూడో చువ్వకీ నాలుగో చువ్వకీ మధ్య కూచోబెట్టాం. నీళ్ళు దిగాక ఊతకర్రలు పెట్టి, ఆయన తుపాను తాడు పేనడానికి దిబ్బకి వెళ్ళిపోయాడు. మగవాళ్ళంతా అక్కడే. వచ్చే పౌర్ణమికి గానీ రారు.

బహుళ తదియ

పడవ అడుగుకి పట్టిన గుల్లలు గీకుతున్నాను. రెండు బుట్టలు తీశాను, ఇంకా సగం ఉంది. మెత్తబడిన చోట ఎండకి తెల్లగా పొక్కు కట్టింది. అది మంచి లక్షణం. వాసన మాత్రం భరించలేం.

మాణిక్యం తన రైసుమిల్లు నుంచి తెప్ప మీద ఇటుగా వెళ్ళింది. పిట్టగోడ అడ్డం కాబట్టి ఆమెకి పడవా, కూచుని గీకుతున్న నా తలా కనిపించి ఉంటాయి, నేల మీది చువ్వలు కాదు.

"ఎలా పట్టేవు వదినా దీన్ని?" అని దూరం నుంచే అరిచింది.

"పిట్టల్ని సూసి."

పగలబడి నవ్వింది. నవ్వుతూనే వెళ్ళిపోయింది. ఆ నవ్వు పొద్దుపోయే దాకా నా చెవుల్లో ఉంది. గెడకి చెవి ఆనించి కనిపెట్టేవాళ్ళకి పిట్టల్ని చూసి కనిపెట్టడం నామోషీగా ఉంటుంది కాబోలు.

బహుళ దశమి

చేపలు తెచ్చిన కాటమ్మ చెప్పింది: మాణిక్యం రైసుమిల్లు డాబా నడుమ కుంగిందట. పోటు తగ్గినా బెత్తెడు నీళ్ళు అక్కడే నిలిచిపోయి, పది రోజులూ పడవ నీళ్ళలోనే కూచుందట. ఆమె మిగతా గట్లన్నీ ఈ ఏడు నీళ్ళు పెరిగి మునిగే ఉన్నాయి. ఒక్కటీ ఎండడం లేదు.

సంతోషం వేసింది. నిజమే రాయాలి కాబట్టి రాస్తున్నాను. కాటమ్మ వెళ్ళాక ఒక్కదాన్నే కూచుని ఇంకో రెండు చేపలు వేయించుకుని తిన్నాను.

బహుళ చతుర్దశి

ఇవాళ పోటుకి పడవ తేలింది. గోరు కాదు, సూది పెట్టి నొక్కినా దిగలేదు. గట్టుకి కాస్త దూరంలో లంగరు వేసుకుని అన్నం పెట్టుకుంటుంటే మాణిక్యం వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"వదినా, రేపు పోటుకి నీ గట్టెక్కుతాను. పున్నానికే ముద్ర. ఇంకో సోటు లేదు నాకు. నీ సిట్టా ఇయ్యి."

పన్నెండేళ్ళుగా ఎవరైనా అడగాలని చూసిన మాట. ఆ మాట ఆమె నోట్లోంచి రాగానే ఈ పుస్తకంలో ఏముందో గుర్తొచ్చింది. ఆమె పేరు లేని పేజీ లేదు.

"తడిసిపోయింది మాణిక్యం. ఆరబెట్టేను. ఆరేక ఇత్తాను."

"ఆరేదాకా రోజులేవి? పోనీ నోటితో సెప్పు. లోపల ఏటన్నా ఉన్నాయా?"

"నోటిమాట సెల్లదు గదా," అన్నాను. రూలు నాకూ తెలుసన్నట్టు అన్నాను.

ఆమె గెడ అందుకుంది. "సరే వదినా. నువ్వెక్కించుకున్నావు గదా, నేనూ సూసుకుంటాలే," అని వెళ్ళిపోయింది.

చువ్వల మాట నేను చెప్పలేదు. అన్నం గిన్నె అలాగే ఉంది.

అమావాస్య

పోటు నిండింది. ఇక్కడి నుంచి కనిపిస్తోంది. మాణిక్యం పడవ కూలిన గోడ సందులోంచి గట్టు మీదకి వెళ్ళింది. గెడతో చుట్టూ పొడిచి చూసుకుంటోంది. కానీ పడవ కింద పొడవలేదు కదా. నా పడవ కంటే ఆమెది బారెడు పొడుగు. నిలబెట్టిన తీరు చూస్తే నాలుగో చువ్వ సరిగ్గా ఆమె పొయ్యి కింద ఉండాలి.

ఇంకాసేపట్లో పాటు మొదలవుతుంది. చువ్వ దిగితే నాచుచెక్క మానుతుంది, కానీ మానడానికి మూడు నెలలు పడుతుంది. ముద్ర ఉండదు, తాడు ఉండదు. ఒక్కతే, రెండు కోళ్ళు.

మొదటి నుంచి చదువుకున్నాను. నా గురించి ఎవరైనా ఇలా రాస్తే వాళ్ళ మొహం మళ్ళీ చూడను. ఆమె చదివాక నన్ను చూడదు. మా ఆయనకి చెబుతుంది. తాడు మీద నలభై పడవలకీ తెలుస్తుంది. సిరా ఒలికిందని పేజీలు నల్లగా చేసేద్దామా అనుకున్నాను, సీసా మూత కూడా తీశాను. బొమ్మ వెనక పేజీలోనే ఆమె రొయ్యల సంగతి ఉంది, అది నల్లబడితే బొమ్మా పోతుంది.

పాటు మొదలైంది. పిట్టగోడ అంచు తేలుతోంది. వెళ్తున్నాను. ఈ పుస్తకం ఇచ్చేస్తున్నాను.

ఆశ్వయుజ శుద్ధ నవమి. మాణిక్యం రాస్తున్నది

పల్లాలమ్మ గట్టు. లోపలికి దారి ఉత్తరం వైపు, కూలిన గోడ సందు. నేల గట్టిది. చువ్వలు ఆరు చోట్ల. వదిన గీసిన బొమ్మలో ఐదో చువ్వ ఒక అడుగు పడమరకి జరగాలి. మిగతా కొలతలు సరిగ్గా ఉన్నాయి.

అమావాస్య నాడు నిండు పోటులో ఎక్కించాను. నాలుగో చువ్వ నా పడవ కిందే ఉందని నాకు తెలియదు. నీళ్ళు నడుం నుంచి తొడల దాకా దిగాక వదిన తెప్ప మీద వచ్చింది. తెప్ప పిట్టగోడకి తగిలి తిరగబడింది. వదిన పుస్తకాన్ని నెత్తి మీద పట్టుకుని నీళ్ళలో నడిచి వచ్చి, "నాలుగోది నీ కిందుంది, ముందు జరుపు, తర్వాత సదూకో" అంది. ఇద్దరం భుజాలు ఆనించి ఆరడుగులు తోశాం. వదిన మోకాలు చీరుకుపోయింది. పడవ కూచున్నాక చూస్తే చువ్వకీ పడవకీ మధ్య జానెడు ఉంది. పుస్తకం నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

గుల్లలు గీకడం అయిపోయింది. పుస్తకం మొత్తం చదివాను. గట్టు వాడుకున్నవాళ్ళు చిట్టాలో తప్పులుంటే దిద్దాలి, పుస్తకం సొంతదారు దాని కింద ఒప్పుకున్నట్టు రాయాలి. అందుకని దిద్దుతున్నాను.

శుద్ధ అష్టమి నాటి రాత. నా పడవ అడుగు అద్దంలా ఉంటుందని ఉంది. ముద్రకి ముందు రోజు చేపనూనె పూస్తాను, మెరుస్తుంది. ఈ ఏడు మెత్తబడిన చోట గోరు కాదు, వేలే దిగింది.

శుద్ధ ఏకాదశి. గెడకి చెవి ఆనిస్తే నాకు అన్నీ తెలుస్తాయని ఉంది. పదిసార్లు పొడిస్తే తొమ్మిదిసార్లు బురదే. ఆ తొమ్మిదీ ఎవరూ చూడరు.

బహుళ తదియ. వదినని చూసి నవ్వానని ఉంది. నవ్వాను. ఇన్నేళ్ళు తిరిగినా నాకు పిట్టల్ని చూడాలని తట్టలేదు, అందుకు నవ్వాను. తర్వాత రెండు రోజులు నీటికాకుల వెంట తిరిగాను. ఏమీ దొరకలేదు.

బహుళ చతుర్దశి. చిట్టా తడిసిందని ఉంది. నాకు పొడిగానే అందింది.

మళ్ళీ శుద్ధ అష్టమి. నాకు తీరిక ఎక్కువని ఉంది. అది తీరిక కాదు. వదిన తిరిగొచ్చే వేళకి అన్నయ్య అన్నం మీద మూత పెట్టి కూచుంటాడు. నా తెప్ప మీంచి చాలాసార్లు చూశాను. నా పడవలో నేను వెలిగిస్తేనే పొయ్యి వెలుగుతుంది, నేను మాట్లాడితేనే మాట వినిపిస్తుంది. లోపల కూచోలేక గెడ పట్టుకుని బయల్దేరతాను. ఆరేళ్ళు అలా తిరిగితే ఏడు చోట్లు దొరికాయి. పలక మీద పేరు చూసి ఎవరైనా కుళ్ళుకుంటారని నాకు తెలియదు. ఆ మూత పెట్టిన గిన్నెని చూసి నేను కుళ్ళుకున్నంత మాత్రం ఎవరూ కుళ్ళుకుని ఉండరు.

ఆశ్వయుజ పౌర్ణమి

మాణిక్యం పుస్తకం తిరిగిచ్చింది. గుమాస్తా వచ్చాడు. మా పడవకి సూది దిగలేదు. మాణిక్యం పడవకి మూడు చోట్ల గుచ్చాడు, దిగలేదు, నాలుగోసారి గుచ్చితే సూదే వంగింది. ఇద్దరికీ ముద్ర పడింది. చిట్టాలు చూస్తూ నా దాంట్లో దిద్దుబాట్ల దగ్గర ఆగి చాలాసేపు చదివాడు. "కింద ఒప్పుకున్నట్టు రాయమ్మా" అన్నాడు.

మొదటి నాలుగింటి కింద రాసేశాను. తడిసిన చిట్టా సంగతి దగ్గర గుమాస్తా దగ్గాడు. అయిదో దాని కింద చెయ్యి ఆగింది. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. పన్నెండేళ్ళుగా మా ఆయన ఆ మూత పెడుతున్నాడు. చల్లారిందని విసుక్కోవడం తప్ప నేను దాని గురించి ఒక్క మాట అనలేదు, ఇందులో రాసిందీ అంతే. ఒప్పుకున్నాను, అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇలా దిద్దడం కూడా ఆమెకే చేతనయిందని ఇప్పుడు కూడా మంటగానే ఉంది. నా గట్టు కోసం ఇంకో మూడు పడవలు చిట్టా అడిగాయి. రేపు ఎల్లుండి అందరూ చదువుతారు. చదువుకోనీ.

సాయంత్రం మా ఆయన దిబ్బ నుంచి దిగాక, నేను మాణిక్యం పడవకి వెళ్ళాను. కోళ్ళకి నూకలు వేస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మోకాలి దెబ్బ గోక్కుంటూ నిలబడ్డాను.

"రేపు పాటుకి ఎటెల్తన్నావు?" అన్నాను.

"తూరుపేపు. పాత సినిమాహాలుంటదంట అక్కడ."

"నేనూ వత్తాను."

ఆమె నూకల డబ్బా మూత పెట్టింది. "వత్తే రా గానీ వదినా, నోరు మూసుకుని కూకోవాల. నువ్వు మాటాడతా ఉంటే గెడ సప్పుడు నాకినపడదు."

ఒళ్ళు మండింది. పడవకొచ్చి, రేపు ఇద్దరికీ అన్నం మూత పెట్టి ఉంచమని మా ఆయనకి చెప్పాను.